కందం కట్టాలంటే ముందు చప్పట్లు కొట్టండి

బెంగళూరులో మారతహళ్ళి అవతల ఉన్న మా అపార్ట్‌మెంట్లో ఆదివారం పొద్దున్న కొంతమంది తెలుగు పిల్లలం, పెద్దలం డాబా మీద కూర్చుని పద్యాలు చదువుకుంటాం. పిల్లలకి కన్నడం, ఇంగ్లీషు స్కూల్లో వస్తాయి, తెలుగు మాత్రం ఇంట్లో మాట్లాడినంతే. అందుకని ఈ గంట. మొన్నామధ్య ఒక ఆరో తరగతి అమ్మాయి, "అంకుల్, కంద పద్యం అంటే కందగడ్డ మీద రాసిన పద్యమా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అక్కడున్న పెద్దవాళ్ళలో కూడా చాలామందికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలీదు. పరీక్ష కోసం లక్షణాలు బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక మర్చిపోయినవాళ్ళమే అందరం. ఆ పాపకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. చివరికి వచ్చేసరికి మీరే ఒక కందం కట్టుకోగలగాలి, నా ఉద్దేశం అదే.

ముందు పేరు సంగతి. కందగడ్డకీ దీనికీ సంబంధం లేదు. కుమారస్వామి పేరు స్కందుడు కదా, దానికీ లేదు. కన్నడంలో 'కంద' అంటే చిన్న పిల్లాడు, ఇక్కడి అమ్మలు పిల్లల్ని అలాగే పిలుస్తారు, దానికీ లేదు. ఇది సంస్కృతంలో 'స్కంధకం' అనే మాట. ప్రాకృతంలోకి వెళ్ళేసరికి మొదటి సకారం పోయి 'ఖంధఅ' అయింది, మన వైపు వచ్చేసరికి ఒత్తులు కూడా పోయి 'కంద' అయింది, చివర 'ము' చేరి కందము. వినడానికి వింతగా ఉంటే 'కంబం' అనే మాట చూడండి. స్కంభం, ఖంభ, కంబం. అచ్చం అదే దారి.

స్కంధకం అనేది ఆర్యా అనే పాత ఛందస్సు కుటుంబంలోది, సంస్కృతంలో దీన్నే ఆర్యాగీతి అని కూడా అంటారు. ప్రాకృతంలో ప్రవరసేనుడి సేతుబంధంలో ఎక్కువ పద్యాలు ఇందులోనే ఉన్నాయి. దాని లెక్క ఒక్కటే: రెండు సగాలు, ఒక్కో సగానికి 32 మాత్రలు (మాత్ర అంటే ఒక చిటిక సేపు), ఆ 32 మాత్రలు నాలుగేసి చొప్పున ఎనిమిది ముక్కలు, ఒక్కో ముక్కనే గణం అంటాం. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే కందం నియమాల్లో సగం వాటంతటవే వస్తాయి. మనం పుస్తకంలో నాలుగు పాదాలుగా రాస్తాం కానీ అసలు కందం రెండు సగాలే. మొదటి పాదంలో మూడు గణాలు, రెండో పాదంలో ఐదు గణాలు ఎందుకు, ఈ అసమానం ఏమిటి అని నేను చిన్నప్పుడు చాలా రోజులు తికమక పడ్డాను, మాకు చెప్పినవాళ్ళు కూడా "నియమం అంతే" అన్నారు. మూడూ ఐదూ ఎనిమిది. అంతే సంగతి. 12 మాత్రలు, 20 మాత్రలు, కలిపితే 32.

ఇది కర్ణాటకలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఒక మాట చెప్పి తీరాలి. కందం మన ఒక్కరిదే కాదు. 9వ శతాబ్దంలోని కన్నడ కవిరాజమార్గం చాలావరకు కందాల్లోనే ఉంటుంది. పంపకవి 941లో పూర్తిచేసిన విక్రమార్జున విజయంలో కందాలు బోలెడు. ఆ పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ వైపు కుర్క్యాల దగ్గర గుట్ట మీద ఒక శాసనం చెక్కించాడు, అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి, తెలుగు భాగం కంద పద్యాలే. అంటే నన్నయ భారతానికి ముందే, 10వ శతాబ్దంలోనే, మన కందం రాతి మీద ఉంది. అన్న కన్నడంలో రాస్తే తమ్ముడి శాసనంలో తెలుగు కందం ఉండటం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరించే విషయం. మా ఆఫీసులో తుమకూరు నుంచి వచ్చిన ఒక కొలీగ్ ఉన్నాడు, స్కూల్లో 'ప్రస్తార' వేసి గురులఘువులు, అంటే పొడుగు, పొట్టి అక్షరాలు గుర్తు పెట్టడం నేర్చుకున్నవాడు. అతనికి నేను సుమతీ పద్యం చదివితే అర్థం తెలియకుండానే "ఇదు కంద" అనేశాడు. చెవికి తెలిసిపోయింది.

ఇక పనిలోకి దిగుదాం. ఒక మాత్ర అంటే ఒక చిటిక వేసేంత సేపు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. దీర్ఘం ఉంటే గురువు. సున్న, విసర్గ ఉంటే గురువు. పక్కన ఒత్తక్షరం ఉంటే, ఒత్తక్షరం కాదు, దాని ముందున్న అక్షరం గురువు, ఇది కొత్తవాళ్ళు తప్పకుండా తడబడే చోటు: 'అక్క'లో గురువు 'అ'. చివర పొల్లు ఉంటే, 'లందున్'లో 'దున్' లాగా, అది కూడా గురువే. ఐ, ఔ గురువులు. మిగతావన్నీ లఘువులు.

నాలుగు మాత్రల ముక్కలు ఐదు రకాలుగానే వస్తాయి. పేర్లు బట్టీ పట్టేకంటే మాటలు గుర్తుపెట్టుకోండి. 'అమ్మా' రెండు గురువులు, ఇది గగం. 'రాముడు' గురువు తర్వాత రెండు లఘువులు, భగణం. 'సుమతీ' రెండు లఘువుల తర్వాత గురువు, సగణం. 'గులాబి' మధ్యలో గురువు, జగణం. 'తిరుపతి' నాలుగూ లఘువులే, నలం. కందంలో వీటికి తప్ప ఇంక దేనికీ చోటు లేదు. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు బోర్డుల మీద పేర్లు ఇలా విరవడం నాకు అలవాటు. లాల్‌బాగ్ గగం. బసవనగుడిలో 'బసవన' వరకు నలం, 'గుడి' దగ్గర సగం గణం మిగిలిపోతుంది. వారం రోజులు ఇలా చేస్తే మీకు గుర్తులు పెట్టే కాగితం అక్కర్లేదు.

ఇప్పుడు చప్పట్లు. ప్రతి గణం మొదటి మాత్ర మీద ఒక చప్పట, మిగతా మూడు మాత్రలు వేళ్ళు. మనందరికీ నోటికి వచ్చిన సుమతీ శతకం పద్యం తీసుకుందాం.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము
గ్రక్కున విడువంగ వలయు గదరా సుమతీ!

విరిచి చదవండి: అక్కర – కురాని – చుట్టము. మ్రొక్కిన – వరమీ – నివేల్పు – మోహర – మునదా. నెక్కిన – బారని – గుర్రము. గ్రక్కున – విడువం – గవలయు – గదరా – సుమతీ. అర్థం కోసం చదివేటప్పుడు ఎక్కడ ఆపుతామో, గణం కోసం విరిచేటప్పుడు అక్కడ ఆగం. 'అక్కరకు'లో 'కు' విడిపోయి 'రాని'తో కలిసింది చూడండి. దీన్ని చూసి చాలామంది భయపడతారు, భయపడాల్సిందేమీ లేదు, తాళానికీ మాటకీ మధ్య ఈ చిన్న పెనుగులాటే పద్యానికి నడక. రెండో పాదం చివర చూస్తే 'తానెక్కిన' అనే మాటే రెండుగా తెగి, 'దా' పైన, 'నెక్కిన' కింద పడింది. పాదం అయిపోయింది కదా అని మాట కూడా అయిపోనక్కర్లేదు. కొత్తగా రాసేవాళ్ళకి ఇదొక పెద్ద వెసులుబాటు, వాడుకోండి.

ఇంకో చిన్న సంగతి ఈ పద్యంలోనే ఉంది. 'చుట్టము' తర్వాత 'మ్రొక్కిన' వచ్చింది. మ్రొ ఒత్తక్షరం కదా, మరి దాని ముందున్న 'ము' గురువు కాదా? కాదు. వేరు వేరు తెలుగు మాటలు కాబట్టి ఆ 'ము' లఘువుగానే ఉంటుంది. 'గుర్రము', 'గ్రక్కున' మధ్య కూడా అంతే. సంస్కృత సమాసం లోపల అయితే గురువు అవుతుంది.

ఇప్పుడు నియమాలు, ఇవి ఎక్కువేం లేవు. సగానికి ఎనిమిది గణాలు అన్నాం కదా, ఆ ఎనిమిదినీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. బేసి స్థానాల్లో, అంటే 1, 3, 5, 7లో జగణం రాకూడదు, 'గులాబి' అక్కడ నిషేధం. ఆరోది మాత్రం తప్పకుండా జగణమో నలమో కావాలి. పై పద్యంలో మొదటి సగంలో ఆరోది 'నివేల్పు', జగణం. రెండో సగంలో 'గవలయు', నలం. ఒకే పద్యంలో రెండూ కనిపించాయి. ఎనిమిదోది చివర గురువుతో ఆగాలి, అంటే 'అమ్మా' గానీ 'సుమతీ' గానీ. సుమతీ శతకం మకుటం ఎందుకు అంత హాయిగా కూర్చుంటుందో ఇప్పుడు తెలుస్తుంది, ఆ మాటే ఒక సగణం. కృష్ణ శతకంలో 'కృష్ణా' అయితే గగం. వేమన పద్యాల మకుటం తెచ్చి ఇక్కడ పెట్టలేరు, అవి ఆటవెలదులు, వాటి ఇల్లు వేరు.

ఆరో గణం ఎందుకు అంత ప్రత్యేకం? నేను ఇలా చూస్తాను. జగణం, నలం రెండూ లఘువుతో మొదలై లఘువుతోనే ముగుస్తాయి. మిగతా మూడింటికీ ఏదో ఒక కొసన గురువు కాపలా ఉంటుంది. ఆరో చోట రెండు కొసలూ తేలికగా ఉండేసరికి అక్కడ పద్యం ఒక్కసారి మెట్టు దిగినట్టు జారి, ఏడూ ఎనిమిదిలో కాళ్ళు నిలదొక్కుకుని గురువు మీద ఆగుతుంది. గట్టిగా పైకి చదివితే మీకూ వినిపిస్తుంది. స్కంధకంలోనూ ఈ పట్టింపు ఇలాగే ఉంది, వెయ్యేళ్ళకి పైగా ఎవరూ దాన్ని సడలించలేదు.

మన వైపు వచ్చాక చేరినవి మూడు. మొదటిది ప్రాస: నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, ద్విత్వమైతే అన్నిట్లోనూ ద్విత్వమే. అక్క, మ్రొక్కి, నెక్కి, గ్రక్కు. రెండోది, మొదటి పాదం గురువుతో మొదలుపెడితే నాలుగూ గురువుతోనే, లఘువుతో అయితే నాలుగూ లఘువుతోనే. ఈ రెండూ కన్నడ కందంలో కూడా ఉన్నాయి. మూడోది యతి, ఇది తెలుగు సొత్తు. రెండు, నాలుగు పాదాల్లో మొదటి అక్షరానికీ, అదే పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికీ స్నేహం కుదరాలి: మ్రొక్కిన–మోహర, గ్రక్కున–గదరా. హల్లు కలవాలి, అచ్చు కూడా కలవాలి. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఋ, ఎ, ఏ ఒక జట్టు, ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. హల్లుల్లో క, ఖ, గ, ఘ లాంటి వర్గాలవి ఒకదానితో ఒకటి చెల్లుతాయి, చ, జలతో శ, ష, స కూడా చెల్లుతాయి. ఇంకా చాలా ఉంది గానీ మొదటి పది పద్యాలకి ఇంత చాలు. మా తుమకూరు స్నేహితుడికి యతి సంగతి చెబితే "ఇంత కట్టు పెట్టుకుని ఎలా రాస్తారు మీరు" అన్నాడు. నిజానికి కట్టు ఉన్నందువల్లే మాట దొరుకుతుంది, అది రాస్తే గానీ తెలీదు.

'కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు' అని సామెత ఉంది. దానికి టెన్షన్ పడి చాలామంది ఆటవెలదితో ఆగిపోతారు. నేను మాత్రం కందంతోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఇందులో తాళం ఒక్కటే, నాలుగు మాత్రలు, ఎక్కడా మారదు.

ఒకటి కడదాం రండి. విషయం: వేసవి చివర్లో బెంగళూరులో వాన పడగానే రోడ్ల పక్కన చెట్లు పూయడం. మొదట ప్రాస ఎంచుకోండి, పద్యం కాదు. ఇది ముఖ్యం. మొదటి పాదం బ్రహ్మాండంగా రాసేసి, తర్వాత ప్రాసకి మాటలు దొరక్క పారేసుకున్న కాగితాలు ఎన్నో. నేను 'న' తీసుకున్నాను, ముందు గురువు. వాన, మాను, నేను, తేనె, మేను, వీణ కాదు (అది ణ), జాన. నాలుగైదు చేతిలో ఉన్నాయి, చాలు. మొదటి పాదం తేలిగ్గానే వచ్చింది: వానలు – కురిసిన – వేళను. భ, నల, భ. 12 మాత్రలు.

రెండో పాదం మొదట ఇలా వచ్చింది: "మానులు పూచెను నగర పథములందున్." విరిస్తే మానులు – పూచెను – నగరప – థములం – దున్. చివరి గణంలో రెండు మాత్రలే ఉన్నాయి, మొత్తం 18, రెండు తక్కువ. పైగా నాలుగో గణం 'థ'తో మొదలైంది, 'మా'కీ 'థ'కీ స్నేహం లేదు. ఇక్కడ అతుకులు వేయకుండా నాలుగో గణం దగ్గరికి వెళ్ళి, అక్కడ మకారంతో ఏ మాట పట్టుతుందో ముందు చూసుకోవాలి. పథం పోయి మార్గం వచ్చింది. ఇప్పుడు వెనక్కి వచ్చి ఖాళీ నింపాలి: మానులు – విరబూ – సెనగర – మార్గము – లందున్. ఆరోది 'సెనగర', నలం, సరిపోయింది. ఎప్పుడూ ఇదే క్రమం: పాదం మొదలు, యతి చోటు, చివరి గురువు, ఆ తర్వాతే మధ్యలోవి.

మూడో పాదం: నేనొక – కిటికీ – తెరచితి. ఇబ్బంది లేదు.

నాలుగోది నన్ను రెండు రోజులు తిప్పింది. మొదట రాసింది: "తేనెల తెలుగు వచ్చెను తీయగ చెవులకున్." లెక్కపెడితే సరిగ్గా 20 మాత్రలు. అయినా ఇది కందం కాదు. చప్పట కొడుతూ చదవండి: తేనెల, బాగుంది. తెలుగు, మూడు మాత్రలు, నాలుగో మాత్ర కావాల్సిన చోట 'వచ్చె'లోని 'వ' వచ్చింది, అది గురువు, రెండు మాత్రలు. చప్పట దాని నడుం మీద పడుతుంది. తర్వాత 'తీ' మీద కూడా అంతే. మొత్తం సరిపోవడం వేరు, నాలుగు నాలుగుగా తెగడం వేరు. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో ఇదే ఎక్కువ, కంటికి కనపడదు, చెవికే దొరుకుతుంది, అందుకే చప్పట్లు కొట్టమంటున్నాను. 'వచ్చెను' తీసేసి అక్కడ లఘువులే ఉన్న మాట వెతికితే 'పలుకు' దొరికింది: తేనెల – తెలుగుప – లుకొకటి – తీయగ – సోకెన్. యతి తే, తీ. ఏకారం, ఈకారం ఒకే జట్టు కాబట్టి చెల్లింది.

వానలు కురిసిన వేళను
మానులు విరబూసె నగర మార్గములందున్
నేనొక కిటికీ తెరచితి
తేనెల తెలుగు పలుకొకటి తీయగ సోకెన్

గొప్ప పద్యమని కాదు, కానీ ఎక్కడా తాళం తప్పలేదు. కింద పార్కింగ్‌లో ఎవరో అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నారు, రాయలసీమ యాస, ఆ రోజు వాన వాసనతో పాటు ఆ మాట కూడా పైకి వచ్చింది. అదే నాలుగో పాదం.

మీరు రాసేటప్పుడు వాడుక మాటలకి భయపడకండి, 'బస్సులో' అంటే ఐదు మాత్రలై గణం తప్పుతుంది గానీ 'బస్సున' అంటే భగణం. గురువుతో మొదలుపెడితే మొదటి గణం గగమో భగణమో అవుతుంది. లఘువుతో మొదలుపెడితే సగణమో నలమో, అక్కడ జగణం నిషేధం కదా. మొదట్లో గురువుతోనే మొదలుపెట్టండి, మన మాటల్లో భగణాలు కుప్పలుగా దొరుకుతాయి. చివర 'న్' పొల్లు పెట్టుకోవడం పాతకాలం వాసన కొడుతుందనిపిస్తే 'అమ్మా', 'చెల్లీ', 'కన్నా' లాంటి పిలుపు పెట్టుకోండి, మూడూ గగాలే.

కందగడ్డ అడిగిన ఆ అమ్మాయి పోయిన ఆదివారం ఒక పాదం పట్టుకొచ్చింది. "బస్సున కిటికీ పక్కన." బస్సున, కిటికీ, పక్కన, మూడు చప్పట్లు, ఎక్కడా తేడా లేదు. ద్విత్వ సకారం ప్రాస పెట్టుకుంది కాబట్టి ఇంకో మూడు కావాలి. 'కస్సున', 'బుస్సున' దొరికాయట, మూడోది దొరకలేదు. కింద బేకరీలో ఒక స్టీలు గ్లాసు నిండా దొరుకుతుంది ఆ మాట, నేను చెప్పలేదు, ఈ ఆదివారం దాకా వెతకనిద్దామని.